తిండి ఆమె డ్యూటీ, సూది నా డ్యూటీ

8 జూలై 2025, మంగళవారం

డ్రైవర్‌కి షుగర్.

నెల్లూరు తీసుకెళ్ళి చూపించుకొచ్చాం. పోలేరయ్య ఆటోలో వెనక సీటంతా వాడే పడుకున్నాడు. నేనూ నా భార్య ఫ్లోరా ముందు పోలేరయ్యకి చెరో పక్క ఇరుక్కున్నాం. డాక్టర్ వాడి చెవి అంచు మీద గుచ్చి, రక్తం చూసి, 412 అన్నాడు. బస్సు నంబరు చెప్పినట్టు చెప్పాడు.

డ్రైవర్ అంటే మా కుక్క. పన్నెండేళ్ళ కిందట వానలో తడుస్తూ డిపోలో నా బస్సెక్కి, డ్రైవర్ సీటు కింద దూరిన పిల్ల. ఎంత లాగినా రాలేదు. విడవలూరు ఆఖరి ట్రిప్పు మొత్తం అక్కడే కూర్చుని వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాను. కండక్టర్ ఉన్న ఇంట్లో డ్రైవర్ ఉంటే తప్పేముంది?

నాకు మండింది షుగర్ వచ్చినందుకు కాదు. ఇంతకుముందు ఏం ఇంజెక్షన్లు పడ్డాయని డాక్టర్ అడిగాడు. మే నెలలో వెనక కాళ్ళు పట్టేసి లేవలేకపోతుంటే, మా ఊళ్ళో గొడ్లకి సూదులు వేసే జయరామయ్య మూడు వేశాడు. వేసిన మర్నాడే వీడు లేచి వీధి చివరిదాకా పరిగెత్తాడు. నేను పొంగిపోయి జయరామయ్య ఇంటికి రెండు కేజీల వంజరం చేప పంపాను. అవి స్టెరాయిడ్లట. లోపల దాక్కుని ఉన్న షుగర్‌ని బయటికి లాగి ఉంటాయట. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కాలికి మందేస్తే షుగర్, షుగర్‌కి భయపడితే కాళ్ళు.

చివర్లో ఆ డాక్టర్ ఇంకో మాటన్నాడు. ఈ వయసులో ఇంత తంటా ఎందుకు సార్, నొప్పి తెలియకుండా నిద్రపుచ్చేయొచ్చు అని. లేచి నిలబడ్డాను. మీ నాయనకి షుగరొస్తే ఇదే చెప్తారా అని అడిగాను. ఫ్లోరా వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగింది. అప్పుడు దారికొచ్చి కాగితం మీద అన్నీ రాశాడు. వేళకి తిండి, వేళకి ఇన్సులిన్ పడితే ఇంకో రెండేళ్ళు హాయిగా ఉంటాడన్నాడు. తిండి తిని సూది పడకపోతే ఒక పూటకి కొంప మునగదు, తినకుండా సూది పడితే మాత్రం ప్రాణం పోతుంది అని రెండుసార్లు చెప్పాడు.

రెండేళ్ళు. అంతకంటే నాకేం కావాలి.

9 జూలై

డ్యూటీలు వేశాం. తిండి ఆమె డ్యూటీ, సూది నా డ్యూటీ. పొద్దున ఏడు, సాయంత్రం ఏడు. గిన్నె ఖాళీ అయ్యాక ఫ్లోరా రైట్ అంటుంది. అప్పుడు నేను మెడ మీద తోలు పట్టుకుని ఆరు యూనిట్లు వేస్తాను. రైట్ అనే మాట నాది, ఆమె కాజేసింది.

9 జూలై, సాయంత్రం

జయరామయ్యని సెంటర్లో నలుగురి ముందూ దులిపేశాను. ఏందన్నా, నువ్వేగదా కాళ్ళు లేపమన్నావు, లేపినా, షుగర్ సంగతి నాకెట్టా తెలస్తాదీ అన్నాడు. వంజరం వెనక్కివ్వమన్నాను. నలుగురూ నవ్వారు. నేను నవ్వలేదు.

14 జూలై

కుక్కకి షుగరంట అని ఊరంతా ఒకటే నవ్వు. పాల కేంద్రం దగ్గర ఒకడు, అట్టయితే బీపీ కూడా చూపించుండాల్సిందే అన్నాడు. వాడి బీపీ నేను పెంచి వచ్చాను.

టైల్స్ మీద వీడి కాళ్ళు జారిపోతున్నాయి. ఇల్లు కట్టించేటప్పుడు గచ్చు చాలన్నది ఫ్లోరా. మెరిసే టైల్సే కావాలని పట్టుబట్టింది నేను. ఇప్పుడు హాలంతా గోతాలు పరిచాం. వీధిలోకి తీసుకెళ్ళాలంటే పొట్ట కింద పాత పంచె వేసి, రెండు కొసలూ పట్టుకుని, వెనక భాగం నేను మోస్తాను. ముందు కాళ్ళతో వాడు నడుస్తాడు. కరెంటు స్తంభం దాకా వెళ్ళి రావడానికి పావుగంట. ప్రతి స్తంభం దగ్గరా ఆగాలంటాడు. ఎక్స్‌ప్రెస్ కాదు, పల్లెవెలుగు.

22 జూలై

268. దిగుతోంది.

ఫ్లోరా కోడిమాంసం, సొరకాయ, ఒక గుడ్డు కలిపి ఉడికిస్తుంది. అన్నం రెండు ముద్దలు. మాకు ఎండుచేపల పులుసు. కుక్కకి కోడి, మొగుడికి ఎండుచేపలు అని పక్కింటి ఎలిశబెతు అక్క గోడ మీంచి నవ్వుతుంది. ఎలిశబెతు అక్క మా చర్చి పెద్ద గారి భార్య. ఆమెకీ పదిహేనేళ్ళుగా షుగర్. ఆమె కూడా సూది మీదే ఉంది.

3 ఆగస్టు, ఆదివారం

చర్చిలో ప్రార్థన మనవులు ఉంటే చెప్పమన్నారు. ఫ్లోరా లేచి డ్రైవర్ కోసం ప్రార్థన చెయ్యమంది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో నాకు తెలుసు. బయటికొచ్చాక చెప్పుల దగ్గర పట్టుకుని అడిగాను. హెబ్రోను పాస్టరు గారు వచ్చి మా ఇద్దరి మధ్యలో నిలబడ్డారు.

దారంతా ఫ్లోరా నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. సర్వీసులో నాకు ఏడు మెమోలు వచ్చాయి, ఏడూ కోపానికే, ఒక్కటి కూడా టికెట్ల దగ్గర కాదు. ఆ మాట నేను ఎవరి ముందైనా గట్టిగా చెప్పుకుంటాను. తప్పు కనపడితే ఊరుకునే పుట్టుక కాదు నాది.

17 ఆగస్టు

190. పంచె లేకుండా రెండు స్తంభాలు నడిచాడు! డాక్టర్ ఇచ్చిన నొప్పి బిళ్ళ పనిచేస్తోంది. కుడి కన్ను మాత్రం పాలు కలిపినట్టు తెల్లబడింది. షుగర్ వల్లేనట.

2 సెప్టెంబరు, మంగళవారం

ఇంత మండిన రోజు ఈ ఏడాదిలో లేదు.

మా ఇంట్లో గృహకూడిక ప్రార్థన. నేను సిరంజిలకని నెల్లూరు వెళ్ళి, బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చాను. హాల్లో చాపల మీద పద్నాలుగు మంది ఆడవాళ్ళు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. అందరివీ కళ్ళు మూసే ఉన్నాయి, ఎలిశబెతు అక్కవి తప్ప. కొంగు చాటున డ్రైవర్‌కి లడ్డు పెడుతోంది. ఒకటి కాదు. ప్లేటులో చూస్తే మూడు తగ్గాయి.

అరికాలి మంట నెత్తికెక్కింది. అరిచాను. ఏం అరిచానో మొత్తం గుర్తులేదు. లడ్డూల ప్లేటు వీధిలోకి విసిరేశాను. లేవండి, ప్రార్థన లేదు ఏం లేదు, నా కుక్కని చంపడానికి వచ్చారా అన్నాను. అక్క లేవడానికి గోడ పట్టుకుంది. ఆశగా చూస్తా ఉండాడు తమ్ముడూ, నోరుకట్టుకోని బతకడం ఎంత కష్టమో నాకు తెలుసు గదా, అందుకని పెట్టినా అంది. నీకు తెలిసి కూడా పెట్టావు చూడు, అదీ నీ భక్తి అన్నాను. పాస్టరు గారు గబగబా ఆమెన్ అనేసి లేచారు.

అందరూ పోయాక ఫ్లోరా ఒక్కతే చాపలు చుట్టింది.

సాయంత్రం షుగర్ 455. పంచదార డబ్బా, బెల్లం, తేనె, బిస్కెట్లు అన్నీ మూటగట్టి పోలేరయ్య ఇంట్లో ఇచ్చేశాను. ఈ ఇంట్లో ఇక తీపి ఉండదు.

3 సెప్టెంబరు

ఫ్లోరా మాట్లాడటం లేదు. మంచిది. నేనూ మాట్లాడను.

5 సెప్టెంబరు

మాట్లాడటం లేదు అంటే నాతో. డ్రైవర్‌తో మాట్లాడుతోంది. ఒరే డ్రైవరూ, మీ నాయనకి చెప్పు, కాఫీ చల్లారిపోతా ఉండాదని. ఒరే డ్రైవరూ, మీ నాయన చొక్కాకి గుండీ ఊడింది, ఇప్పి ఈడ పడెయ్యమను. వాడు ఒక కంటితో ఆమె వైపూ నా వైపూ చూస్తాడు.

ఇదేం న్యాయం? కుక్కని కాపాడింది నేను, అలిగేది ఆమె. ఆమె వాడితో మొదలుపెట్టగానే నేను టీవీ సౌండ్ పెంచుతున్నాను. చెప్పేదేదో నాకు చెప్పాలి.

రైట్ కూడా పోయింది. వాడు తిన్నాక ఆమె గిన్నె కడిగి, అంట్లు తోమే తూము గట్టు మీద బోర్లిస్తుంది. నేను అది చూసి సూది వేస్తాను. డ్యూటీ మాత్రం ఇద్దరం తప్పలేదు. షుగర్ 230కి వచ్చింది.

7 సెప్టెంబరు, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఆ మొహాలు చూడాలని లేదు. ఫ్లోరా వెళ్ళొచ్చి, చీర కూడా మార్చకుండా, గోతం మీద కూర్చుని వాడికి ప్రసంగమంతా అప్పజెప్పింది. ఏదో పట్టణమంట, దాని మీదికి దేవుడి కోపం వస్తా ఉందంట అని మొదలుపెట్టింది. సౌండ్ పెంచాను.

11 సెప్టెంబరు, గురువారం

ఫ్లోరా వాడితో ఏదో చెప్తోంది. చాలాసేపు. సౌండ్ నలభైకి పెట్టాను.

12 సెప్టెంబరు, శుక్రవారం, పగలు 12

వాడి పక్కనే కూర్చున్నాను. రాయాలి.

శుక్రవారం ఫ్లోరాకి ఉపవాసం. పెళ్ళయినప్పటి నుంచీ అంతే. ఆ రోజు వాడికి ముందే తిండి పెట్టి, ఆరున్నరకి చర్చిలో ఉపవాస ప్రార్థనకి వెళ్ళిపోతుంది. ఈ రోజూ వెళ్ళింది. ఏడింటికి నేను తూము దగ్గర చూశాను. గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆరు యూనిట్లు వేశాను. వాడు నా చేతిని వాసన చూసి, ఇంకా ఏదో కావాలన్నట్టు నాకాడు. తిన్నది చాలదేమో వెధవకి అనుకున్నాను.

తొమ్మిదిన్నరకి గోతం మీద నుంచి లేవబోయి గోడకి కొట్టుకున్నాడు. కాళ్ళ నొప్పి అనుకున్నాను. పంచె వేసి లేపితే ముందు కాళ్ళు కూడా తేలిపోయాయి. పది గంటలకి ఫిట్స్. నోట్లో నురగ. నాలుగు కాళ్ళూ గాలిలో ఈత కొడుతున్నాయి. చెవి గుచ్చి చూస్తే 38.

డాక్టర్‌కి ఫోన్ చేశాను. చిగుళ్ళకి పంచదారో తేనో రుద్దండి, వెంటనే, వెంటనే అన్నాడు.

ఇంట్లో చిటికెడు పంచదార లేదు. నేనే ఇచ్చేశాను. పోలేరయ్య ఇంటికి పరిగెత్తాను, తాళం. మధ్య గోడ పట్టుకుని అక్కా అని అరిచాను. సూది మీద ఉంది కాబట్టి ఎలిశబెతు అక్క ఉపవాసం ఉండదు. లేకపోతే ఆమె కూడా చర్చిలోనే ఉండేది. ఏమి తమ్ముడూ అనలేదు. నా మొహం చూసి లోపలికెళ్ళి పంచదార డబ్బాతో వచ్చింది. మోకాళ్ళు పనిచెయ్యని మనిషి నేల మీద కూలబడి, పంచదార నీళ్ళలో తడిపి, వేళ్ళతో చిగుళ్ళకి రుద్దింది. వాడు ఒకసారి కరిచాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.

రుద్దుతూనే అడిగింది. సూది ఏసే ముందర తిన్నాడా అని.

నేను తిన్నాడు అన్నాను. గిన్నె కడిగి ఉంది గదా అన్నాను. నిన్న రాత్రి గిన్నె కూడా కడిగే ఉంటాది గదా తమ్ముడూ అంది.

నేను కుండలు చూశాను. ఉడికించిన కోడి లేదు. సొరకాయ కొయ్యకుండా అలాగే ఉంది.

పావుగంటకి కళ్ళు తెరిచాడు. ఇప్పుడు గుడ్డూ అన్నం తిన్నాడు. 140. బతికాడు.

12 సెప్టెంబరు, సాయంత్రం 5

పది రోజుల తరవాత ఫ్లోరాతో మాట్లాడాను. మాట్లాడటం కాదు, వీధి చివరికి వినపడింది. వాడికి తిండి పెట్టావా లేదా అన్నాను. లేదంది. వాడు కూడా నాతోపాటు పస్తే ఉండాడు అంది. జరిగింది చెప్తే నిలబడ్డ చోటే కూర్చుండిపోయింది. తరవాత వాడి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి పక్కన పడుకుంది.

కుక్కని ఉపవాసం ఉంచడం! ఈ భూమ్మీద ఎవరైనా విన్నారా? ఆదివారం వెళ్తాను. సాక్ష్యాల వేళ లేచి నిలబడతాను. ఈ బుద్ధి పుట్టించిన వాళ్ళని ఒక్కొక్కరినీ అడుగుతాను.

13 సెప్టెంబరు

డాక్టర్ చూశాడు. గుండె బాగానే ఉందట. ఎడమ కన్ను కూడా మసకేసిందట. ఇలాంటిది ఇంకొకటి వస్తే తట్టుకోలేడన్నాడు.

ఎలిశబెతు అక్క వేలికి కట్టు ఉంది. కుక్క కాటు సూదులకి నేనే తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళాను. ఆటోలో పోనూ రానూ ఆమె వాడి సంగతులే మాట్లాడింది. లడ్డూల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేనే.

14 సెప్టెంబరు, ఆదివారం, మధ్యాహ్నం

లేచాను. అడిగాను. నోరులేని జీవానికి రోగం తగ్గాలని దాన్నే మాడ్చి చంపబోవడం ఏ భక్తి, ఎవరు నేర్పారు అని చర్చి మొత్తాన్ని అడిగాను. అడుగుతున్నంతసేపూ ఆడవాళ్ళ వైపే చూశాను. ఫ్లోరా తలొంచుకునే ఉంది.

హెబ్రోను పాస్టరు గారు కిందికి దిగి వచ్చారు. తప్పు నాదేనేమో బ్రదర్ అన్నారు. పోయిన వారం ఆయన చెప్పిన ప్రసంగం అదట. ఒక పట్టణం మీదికి దేవుడి కోపం రాబోతుంటే రాజు దగ్గర నుంచి పశువుల దాకా అందరూ పస్తు ఉన్నారట. పశువులకి మేత కూడా పెట్టలేదట. అప్పుడు ఆ కోపం మళ్ళిపోయిందట. నేను పాతకాలం సంగతి చెప్పినాను, కుక్కని పస్తుంచమని కాదు, ఫ్లోరమ్మ ఒక్క మాట అడిగుంటే వద్దనేవాణ్ణి అన్నారు. ఆయన మొహం చూస్తే ఇంకేం అనబుద్ధి కాలేదు. ఆయన మీద మిగిలిన కోపం కూడా ఫ్లోరా మీదికే మళ్ళింది.

14 సెప్టెంబరు, సాయంత్రం 7.20

తిన్నాడు. సూది అయింది. నేను టీవీ ముందు కూర్చున్నాను. ఆమె గోతం మీద కూర్చుని వాడి కాళ్ళకి నూనె రాస్తూ మొదలుపెట్టింది. రిమోట్ చేతిలోనే ఉంది. ఎందుకో నొక్కలేదు.

అన్నది అన్నట్టు రాస్తున్నాను.

ఒరే డ్రైవరూ, నీకు షుగర్ తగ్గాలని నిన్ను పస్తు పెట్టలేదురా నాయనా. దానికి సూది ఉండాదని ఆ మాత్రం నాకు తెలీదా. కోపం మళ్ళాలని ఊరు ఊరంతా, గొడ్డూ గోదాతో సహా పస్తుండారంటే, మనమూ ఉందామనుకున్నా. ఈ ఇంట్లో మీ నాయన కోపం కింద ఉండేది నువ్వూ నేనే గదరా. ముప్పై నాలుగేళ్ళు శుక్రారం శుక్రారం నేనొక్కదాన్నే ఉండి చూసినా. పోలా. నువ్వు కూడా ఉంటే పోతాదేమో అనుకున్నా. గురువారం నీకు చెప్పినా గదా, మీ నాయన వింటా ఉండాడనుకున్నా. వినకపోయినా, సూది వేసే ముందర తిన్నాడా అని ఒక్క మాట అడగతాడులే, ఆ ఒక్క మాటతో మాటలు కలుస్తాయిలే అనుకున్నా. నన్ను చమించరా.

ముప్పై నాలుగేళ్ళ శుక్రవారాలు. నేను ఆమెకి అలవాటు అనుకున్నాను. డ్యూటీ నుంచి వచ్చి, వడ్డించమని అరిచి, ఆమె తిన్నదో లేదో చూడకుండా తినేవాణ్ణి.

టీవీ కట్టేశాను. ఏదో ఒకటి అనాలి. నూనె సీసా ఆమె దగ్గరికి జరిపాను. లోకంలో అందరినీ అనడానికి ఇన్నేళ్ళూ తడుముకోలేదు.

15 సెప్టెంబరు

ఫ్లోరా, తిన్నాడా? అని అడిగాను. తిన్నాడండీ అంది.

17 సెప్టెంబరు

ఎలిశబెతు అక్క ఇంటికి వెళ్ళాను. గేటు దగ్గర నిలబడి, వేలు ఎట్టా ఉంది అని అడిగి వచ్చేశాను. క్షమాపణ అడగడానికే వెళ్ళాను. రేపు మళ్ళీ వెళ్తాను.

19 సెప్టెంబరు, శుక్రవారం, పగలు 1

డ్రైవర్ తిన్నాడు. అడిగాను, చూశాను, సూది వేశాను.

ఫ్లోరా తినలేదు. నేనూ తినలేదు. ఎందుకని ఆమె అడగలేదు.

ఆకలికి కోపం వస్తోంది. ఎవరి మీదా అని చూస్తే, ఎవరూ లేరు.